బండి ఆగేదాకా చుక్క లేదు

అయినా ఎమినెంట్ అనే మాట దేవసహాయం మాస్టారికి ఎక్కడ అతుకుతుంది, చొక్కా కాలరు మాయకుండా మెడ వెనక జేబురుమాలు మడిచి పెట్టుకునే మనిషికి, క్యారియర్‌లో చేపల పులుసు ఒలికి రైలు పెట్టె అంతా ఘాటెక్కితే ఆ వాసన పక్కవాళ్లదన్నట్టు కిటికీలోంచి చూసే మనిషికి, కొట్టేశాను, దాని బదులు డివోటెడ్ అని రాసి అదీ కొట్టేశాను, పొద్దున బాపట్లలో బండెక్కిన దగ్గర్నుంచీ ఇదే పని, తెనాలిలో దిగి రేపల్లె ప్యాసింజర్‌లో కూర్చున్నా ఇదే పని, కాలేజీలో పిల్లలకు క్లాజులూ ఫ్రేజులూ నూరిపోసే హైమావతి మేడాన్ని, ఒక్క పేజీ రాయలేక పెన్ను కొరుక్కుంటూ కూర్చున్నాను, ఇంకాసేపట్లో రేపల్లె చర్చిలో మాస్టారి జ్ఞాపకార్థ కూడిక, పోయిన మనిషి జీవితాన్ని ఎవరో ఒకరు లేచి నిలబడి చదవడం వాళ్ల ఆనవాయితీ, మీరే చదవాలని అమ్మ అంటోందక్కా అని మాస్టారి కొడుకు ఎజ్రా కాలేజీకి ఫోన్ చేశాడు, ఇంగ్లిష్‌లోనే రాయండి, నాన్నకి అదే కదా ప్రాణం, నేను పక్కన నిలబడి అమ్మకి తెలుగులో చెబుతాను అన్నాడు, నాకన్నా ఎవరు రాయగలరులే అని గొప్పగా ఒప్పుకున్నాను, ఇప్పుడు చూస్తే పుట్టిన తేదీ ఉంది, ఉద్యోగంలో చేరిన ఏడు ఉంది, వ్యాకరణానికి వంక పెట్టేందుకు లేదు, మాస్టారు మాత్రం లేరు, గార్డు ఈల వేశాడు, బండి కదిలింది.

కదిలిందంటే మొదలుపెట్టు అనేవారు, ఇదే బండిలో, ఎనభై నాలుగులో, నేను రేపల్లె నుంచి తెనాలికి బి.ఎ.కి వెళ్లొచ్చే రోజుల్లో, ఆయనదీ రేపల్లే, తెనాలిలో హైస్కూల్లో ఇంగ్లిష్ మాస్టారు, ఇద్దరివీ సీజన్ టిక్కెట్లు, ఒక సాయంత్రం ఒళ్లో కాగితాలు పెట్టుకుని కాంపోజిషన్ రాసుకుంటుంటే ఎదుటి సీట్లోంచి తలకిందులుగానే చదివేసి, బాగుందమ్మాయ్, కానీ అన్నీ ఇంతింత పొట్టి వాక్యాలేంటి, ఎవరన్నా తరుముతున్నారా అన్నారు, నాకు ఒళ్లు మండింది, తప్పులున్నాయాండీ అన్నాను, తప్పుల్లేవు, భయం ఉంది అన్నారు, ఆ మర్నాటి నుంచే పాఠం, పుస్తకం లేదు, నల్లబల్ల లేదు, బండి కదలగానే ఇంగ్లిష్‌లో ఒక వాక్యం ఎత్తుకోవాలి, తర్వాతి స్టేషన్‌లో ఆగేదాకా చుక్క పెట్టకూడదు, కిటికీలో కనిపించిన వరికుప్పా, పెట్టెలో ఏడ్చే చంటిపిల్లా, నాకు గుర్తొచ్చిన నిన్నటి సంగతీ అన్నీ అందులో ఇమడాలి, ఎవరితో మొదలుపెట్టానో ఆ మనిషి చివరిదాకా కనబడుతుండాలి, ముందు నోరు నడవనీ, చెయ్యి దాని వెంట అదే నడుస్తుంది, ఇంటికెళ్లి రాసుకో అనేవారు, మొదటిరోజు వేమూరు రాకముందే నా మనిషి ఎటో తప్పిపోయాడు, క్రియ దొరకలేదు, పెట్టెలో అందరూ నవ్వారు.

అందరూ అంటే, మోకాళ్ల మీద తువ్వాలు పరిచి పేకాడే పాండురంగారావు గారూ ఆయన జట్టూ, తెనాలిలో చేపలమ్ముకుని ఖాళీ గంపలతో తిరిగొచ్చే పున్నమ్మా, ఏంటి మాస్టారూ, ఈ పిల్ల పిచిక లాగా విచ్ విచ్ అంటంది అనేది పున్నమ్మ, వదిలెయ్యండి మాస్టారూ, పిల్లకి ఆయాసం వస్తోంది అనేవారు పాండురంగారావు గారు, మాస్టారు అరచెయ్యి పైకెత్తేవారు, ఆగండి, వాక్యం నడుస్తోంది, అంతే, ముక్క వెయ్యబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయేది, పెట్టె పెట్టెంతా నా క్రియ కోసం కాచుక్కూర్చునేది, తప్పులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకుని బండి ఆగాకే చెప్పేవారు, నడుమ ఒక్కటీ దిద్దేవారు కాదు, ఎంత హాయి రోజులవి, వేరుశెనగ తొక్కలు, కంట్లో బొగ్గు నలుసు, ఇప్పుడీ డీజిలింజను వెనక నలుసూ పడదు, పేకా లేదు, ఎదుటి సీట్లో ఎవరో నిద్రపోతున్నారు, పెనుమర్రు ఎప్పుడు దాటిందో చూడనేలేదు.

మా ఇంట్లో మాత్రం ఎవరి వాక్యమూ నడిచేది కాదు, నాన్నా, మా కాలేజీలో అని నేను మొదలుపెడితే మా నాన్న బసవేశ్వరరావు గారు విషయం చెప్పు అనేవారు, విషయం వచ్చేలోపు లేచి చెయ్యి కడుక్కునేవారు, ఆడపిల్లకి అంత సాగతీతేంటే అని నాయనమ్మ, తర్వాత చెబుదువుగానిలే అని అమ్మ, ఆ తర్వాత అనేది ఏ రోజూ రాలేదు, సరే, అలాగే, వద్దు, నా మాటలన్నీ అంతే, ఆ అమ్మ మీదే ఒక వ్యాసం రాసి మాస్టారికి చూపిస్తే, తప్పు ఒక్కటీ లేదమ్మాయ్, మీ అమ్మ కూడా లేదు అన్నారు, భట్టిప్రోలు దాకా ఏడ్చాను, ఏడవొద్దనలేదు, నా ఏడుపునీ చివరిదాకా పోనిచ్చారు.

పల్లెకోన, ఇక్కడ బండి కదిలితే ఇప్పటికీ ఒక సాయంత్రమే గుర్తొస్తుంది, డిగ్రీ అయిపోవస్తున్న రోజులు, ఆ సాయంత్రం కాలవలో బాతులతో ఎత్తుకున్నాను, బాతుల్లోంచి మా పెరట్లోకి, పెరట్లోంచి నాన్న దగ్గరికి, అక్కణ్నుంచి ఎం.ఎ. చదవాలని ఉందనీ, ఇంట్లో నోరెత్తలేదనీ, ఎత్తితే సగంలోనే కోసేస్తారనీ, ఎలా వచ్చేసిందో అక్కడికి నా వాక్యం, అంతలో రేపల్లె వచ్చింది, పట్టాలు అక్కడితో ఆఖరు, అందరూ దిగుతున్నారు, బండి ఆగిందండి అన్నాను, బండి ఆగింది, నువ్వు ఆగలేదుగా, చెప్పు అన్నారు, దిగండి మాస్టారూ, చీకటి పడతంది అని పున్నమ్మ కేకేసింది, ఇంట్లో ఆయన భార్య కొండమ్మగారు ఎదురుచూస్తుంటారు, ఆయన గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉన్నారు, ఖాళీ పెట్టెలో మొత్తం చెప్పాను, తడబడుతూ, తప్పులతో, ఆ రోజు బండి ఆగాక కూడా ఒక్క తప్పూ దిద్దలేదు, ఇదే మాట ఇంటికెళ్లి తెలుగులో చెప్పు, ఎవరడ్డమొచ్చినా చుక్క పెట్టకు అన్నారు, ఆ రాత్రి అన్నం దగ్గర నాన్న విషయం చెప్పు, విషయం చెప్పు అంటూనే ఉన్నారు, నాయనమ్మ నోరుముయ్యమంటూనే ఉంది, నేను ఆపలేదు, ఆఖరికి నాన్న కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేసి, సరే కానీ, మొత్తం చెప్పు అన్నారు, నన్ను ఎం.ఎ.లో చేర్చడానికి ఆయనే వెంట వచ్చారు.

బ్రేకుల చప్పుడు, రేపల్లె, ప్లాట్‌ఫాం మీద ఎజ్రా, చేతిలో మాస్టారి గొడుగు, రాయడం అయిందా అక్కా అని కిటికీ దగ్గరికొచ్చాడు, లేదు ఎజ్రా, పేజీ అంతా కొట్టేశాను, చర్చికి అందరూ వచ్చేసి ఉంటారుగా, పద అని లేవబోయాను, పర్లేదక్కా, పాటలింకా మొదలవలేదు, బండి కూడా కాసేపు ఇక్కడే ఉంటది, రాసుకోండి, నేనుంటాను అని కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు, తొందర లేని ఆ నిలబడటం చూసి మళ్లీ కూర్చున్నాను, ఇన్నేళ్లూ ఆయన నాకు ఇంగ్లిష్ నేర్పారనే చెప్పుకు తిరిగాను, నేర్పారు, కాదనను, కానీ అంతకు ముందు నా మాట చివరిదాకా విన్నవాళ్లు ఈ లోకంలో ఒక్కరూ లేరు, కొత్త కాగితం తీసి మొదటి వాక్యం రాశాను, పెద్ద మాట ఒక్కటీ లేదు, ఎజ్రా తడుముకోకుండా కొండమ్మగారికి తెలుగులో ఇలా చెప్పేస్తాడు, నేను చెప్పడం అయ్యేదాకా మాస్టారు ఆగారు.