పెనం మీద ఒక్క నిమిషం

“బయల్దేరాను” అని మొగుడు ఫోన్ చేస్తే బయల్దేరాడని అర్థం కాదని ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది. బీమా ఆఫీసు మెట్లు దిగాడని మాత్రమే అర్థం. ఆ మెట్లకూ ఇంటికీ మధ్య ఒక టీ కొట్టుంది, క్యారమ్స్ బోర్డున్న స్నేహితుడి దుకాణం ఉంది, “ఒక్క ఆట, అంతే” అనే నలుగురు మనుషులున్నారు. అవన్నీ దాటుకుని ఇరవై నిమిషాల్లో రావచ్చు, రెండు గంటలకూ రావచ్చు. ఎప్పుడొచ్చినా సరే, చెప్పులు విప్పి చేతులు కడుక్కునేసరికి కంచంలోంచి పొగలు రావాలి.

ఆ రోజు కోడిమాంసం మూడోసారి వేడిచేస్తోంది. మొదటిసారికి మెత్తగానే ఉంది. రెండోసారికి అంచులు బిగుసుకున్నాయి. మూడోసారి గరిటె తగిలితే ముక్క టక్కుమంది. అతను వచ్చాడు, కూర్చున్నాడు, ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు, నమిలాడు, ఆఖరికి నీళ్ళు తాగి మింగాడు.

“దగ్గరుండి చూసుకోవాలి కదా. వంటంటే పొయ్యి దగ్గర నిలబడాలి. నిలబడితేనే తెలుస్తుంది. మా అమ్మ వండితే ఎప్పుడైనా ఇలా ఎండిందా?”

రెండున్నర గంటలుగా పొయ్యి దగ్గరే నిలబడి ఉన్న మనిషితో అన్నాడా మాట. ఆమెకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. అరికాళ్ళు మండుతున్నాయి, అంతే. అత్తగారు గోడవారన కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఆవిడ మోకాళ్ళ కింద నీలి నరాలు తాళ్ళలా ఉబ్బి ఉంటాయి. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. ఆవిడ వంట ఎండేదో లేదో ఆవిడకు తెలియాలి, పైకి పోయిన మామగారికి తెలియాలి.

ఆమె పనిచేసేది పాల డెయిరీ ల్యాబ్‌లో. పదకొండేళ్ళుగా. అక్కడ గోడకానుకుని స్టీలు తొట్టి ఒకటుంటుంది, వాటర్ బాత్ అంటారు. అందులో నీళ్ళు ముప్పై ఏడు డిగ్రీల దగ్గర నిలిచి ఉంటాయి. పాల నమూనాల్లో నీలం రంగు చుక్కలు వేసి, ఆ గొట్టాల్ని నీళ్ళలో నిలబెడతారు. రంగు ఎంత తొందరగా పోతే పాలు అంత పాడైనట్టు. తొట్టిలో వేడి అర డిగ్రీ అటూ ఇటూ అయితే పరీక్షంతా దండగ. అటూ ఇటూ అయిందని అందరికంటే ముందు కనిపెట్టేది ఆమే, అందుకే ల్యాబ్‌లో ఆమెను డిగ్రీలమ్మ అంటారు. వెక్కిరింతగా మొదలైన పేరు కాలక్రమాన పదవిలా తయారైంది. డిగ్రీలమ్మ సంతకం చేస్తే ఇక ఆ కాగితాన్ని ఎవరూ మళ్ళీ చూడరు.

ఆ మర్నాడు ల్యాబ్‌లో ఆ తొట్టి ముందు నిలబడబోయి ఆగిపోయింది. అసలు తను దీని ముందు ఎప్పుడైనా నిలబడిందా? అంకె పెట్టి, బటన్ నొక్కి, వెళ్ళి తన పని చూసుకుంటుంది. నీళ్ళు ఎదురుచూస్తాయి. ఎదురుచూడడం నీళ్ళ పని, కాగితం రాయడం తన పని. మరి ఇంట్లో ఎందుకిలా తలకిందులైంది? వండడం గంట పని. మిగిలిందంతా కాచుకుని కూర్చోవడం, అది కూడా కూర్చుని కాదు, నిలబడి. మంట తగ్గించు, మూత తియ్యి, కాసిన్ని నీళ్ళు చల్లు, కిటికీలోంచి వీధి చూడు, మళ్ళీ మంట పెంచు. దీన్ని పని అని ఎవరూ అనలేదు. “ఇంట్లోనే ఉన్నావుగా” అన్నారు. ల్యాబ్‌లో పదకొండేళ్ళు చేసిన ప్రతి పనికీ ఎక్కడో ఒక చోట సంతకం ఉంది. ఆ కిటికీ ముందు నిలబడిన సాయంత్రాలకు ఎక్కడా గీత కూడా లేదు.

సరిగ్గా అదే రోజు ల్యాబ్ పెద్ద మేడమ్ పిలిచింది. సాయంత్రం పాల లారీలు వచ్చే షిఫ్టుకు ఇన్‌చార్జి కావాలి. రెండు గంటల నుంచి తొమ్మిది దాకా. ఇంతకుముందు రెండుసార్లు ఆమెకే ఇవ్వజూపారు. రెండుసార్లూ ఆమె “ఇంట్లో అడిగి చెప్తానండీ” అంది. రెండుసార్లూ ఇంట్లో వచ్చిన ప్రశ్న ఒక్కటే, “మరి వంట?” రెండుసార్లూ ఆ కుర్చీ, తను పని నేర్పిన మనుషులకే పోయింది.

“ఇది మూడోసారి. నాలుగోసారి అడగను,” అంది పెద్ద మేడమ్. “ఈసారి ఇంట్లో అడగొద్దు. నువ్వు చెప్పు. వచ్చే శుక్రవారం లోపు.”

అన్నం డబ్బా ముందు పెట్టుకుని ఆ మధ్యాహ్నం ఆమె ఫోన్‌లో వెతికింది. ఇంట్లో వాడుకునే వాటర్ బాత్ ఉంటుందా అని. ఉంది! ప్రపంచమంతా వాడుతోంది, పైగా పెద్ద పేరు కూడా పెట్టుకుంది, సూ వీడ్ కుక్కర్ అని. మాంసమో గుడ్డో కూరగాయో సంచిలో వేసి గాలి తీసి మూస్తారు, నీళ్ళలో వేస్తారు, కావాల్సిన వేడి పెడతారు. నీళ్ళు ఆ వేడి దాటవు గనక ముక్క ఎండదు, మాడదు. తినేవాడు రెండు గంటలు ఆలస్యంగా వచ్చినా అలాగే ఉంటుంది. ఆఖర్న బయటికి తీసి, తడి తుడిచి, కాలిన పెనం మీద ఒక్క నిమిషం అటూ ఇటూ తిప్పితే చాలు. చదువుతుంటే ఆమెకు సిగ్గేసింది. పదకొండేళ్ళు దాని పక్కనే తిరుగుతూ, ఇది ఇంటికెందుకు రాకూడదని ఒక్కసారీ అనుకోలేదే!

శనివారం సామాన్ల షాపుకు వెళ్ళింది. మిక్సీల వరస, కుక్కర్ల వరస దాటాక మూలనున్న అరలో మూడు రకాలున్నాయి. మూడూ గొట్టాల్లాంటివే, ఏ గిన్నె అంచుకైనా తగిలించుకోవచ్చు. అన్నిటికంటే ఖరీదైనది ఫోన్‌తో మాట్లాడుతుందట. సేల్స్ అబ్బాయి దాని గురించే పావుగంట చెప్పాడు.

“ఇంట్లో లేకపోయినా ఫోన్‌లోనే చూసుకోవచ్చు మేడమ్.”

“నేనిప్పటిదాకా చేసిందే అది కదయ్యా, ఎక్కడున్నా దాన్నే చూసుకోవడం. ఇక చూడకుండా ఉండడానికే కొంటున్నాను. ఈ చవకది ఎలా ఉంటుంది?”

“అది మామూలుది మేడమ్. అంకె, బటన్, అంతే. ఓసారి సార్‌ని కూడా తీసుకొస్తే, చూసి...”

“మా సార్‌కి థర్మామీటర్ నోట్లో పెట్టుకోవడం ఒక్కటే వచ్చు,” అని ఆమె హ్యాండ్‌బ్యాగ్ తెరిచి తన థర్మామీటర్ తీసింది. “మూడు గిన్నెల్లో నీళ్ళు తెప్పించు.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. నీళ్ళొచ్చాయి. మూడింటినీ అరవై ఐదు మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది. మిక్సీ కొనడానికి వచ్చినావిడ ఒకరు ఆగి చూశారు, ఆవిడ వెనకాల ఇంకొకరు. ఫోన్‌తో మాట్లాడేది అర డిగ్రీ ఎక్కువ చూపించింది. మధ్య ధరది ఆగి ఆగి వేడెక్కింది. చవకది అరవై ఐదు దగ్గరికి వచ్చి, బడిపిల్లలా బుద్ధిగా అక్కడే కూర్చుంది. పావుగంట చూసినా కదల్లేదు. మిక్సీ ఆవిడ “నాకూ అదే చూపించు బాబూ” అన్నారు. అబ్బాయి ప్యాక్ చేశాడు. తన డబ్బుతో, ఎవర్నీ అడగకుండా ఒక వస్తువు కొని చాలా కాలమైందని ఆమెకు ఆటోలో గుర్తొచ్చింది. ఒళ్ళోని పెట్టెను రెండు చేతులతో పట్టుకుంది.

“కోడికి సంచి కట్టి స్నానం చేయిస్తావా అమ్మాయ్?” అన్నారు అత్తగారు. కానీ కుర్చీ దగ్గరగా జరుపుకున్నారు. సంచిని మెల్లగా నీళ్ళలోకి దించుతుంటే నీళ్ళే లోపలి గాలిని పైకి తోసేశాయి, సంచి ముక్కకు అతుక్కుపోయింది. ఆవిడ అది చూసి “ఓసి దీని తెలివి తగలెయ్య!” అన్నారు. మళ్ళీ, మొహమాటంగా, “నువ్వు ఇక్కడ ఉండక్కర్లేదా?” అన్నారు.

“అక్కర్లేదత్తయ్యా.”

“మంట చూడక్కర్లేదా?”

“మంటే లేదు కదా.”

ఆవిడ కాసేపు తన కాళ్ళ వంక చూసుకున్నారు.

సోమవారం సాయంత్రం అతను “బయల్దేరాను” అన్న గంటన్నరకు వచ్చాడు. ఆ గంటన్నరా ఆమె బాల్కనీలో కుర్చీలో కూర్చుంది. పుస్తకం తెరిచింది గానీ చదవలేదు. కూర్చోవడమే కొత్తగా ఉంది, దాన్నే అనుభవించింది. అతను చేతులు కడుక్కుంటుండగా లేచి, ముక్కలు తీసి, తుడిచి, పెనం మీద తిప్పి వడ్డించింది. అతను మొదటి ముక్కకే కళ్ళు మూసుకున్నాడు.

“చూశావా! దగ్గరుండి చేస్తే ఎలా కుదిరిందో. అందుకే చెప్పేది.”

మర్నాడూ అదే మాట. మూడోరోజు తన అన్నయ్యకు ఫోన్ చేసి మరీ చెప్పాడు, “మీ మరదలికి ఇన్నాళ్ళకు వంట పట్టుబడిందన్నయ్యా, రెండు గంటలు పొయ్యి దగ్గరనుంచి కదలడం లేదు” అని. ఆ అబద్ధపు మెప్పు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. నిజంగా నిలబడిన ఏళ్ళలో ఒక్క మంచిమాట లేదు.

“నేను కూర్చున్నాను,” అంది.

“ఏంటి?”

“మూడు రోజులుగా బాల్కనీలో కూర్చుంటున్నాను. వండింది అది.” గొట్టాన్ని చూపించింది.

అతను గొట్టం వంక చూశాడు, కంచం వంక చూశాడు. చేతిలో ముక్క సగం కొరికి ఉంది.

“అదీ సంగతి! అప్పుడే అనుకున్నాను ఏదో తేడాగా ఉందని,” అన్నాడు. తేడాగా ఉన్న ఆ ముక్కను ఎముక దాకా తిన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మరి.

గురువారం ఆమె షిఫ్టు సంగతి చెప్పింది. అతను నీళ్ళ గ్లాసు కింద పెట్టి, ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

“మరి వంట?”

“పొద్దున్నే ఉప్పూ కారం పట్టించి సంచిలో మూసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తాను. ఐదింటికి అత్తయ్య నీళ్ళలో వేసి బటన్ నొక్కుతారు. మీరెప్పుడొచ్చినా మెత్తగా ఉంటుంది. తీసి, తుడిచి, పెనం మీద ఒక్క నిమిషం వేయించుకోవడమే.”

“ఎవరు?”

“మీరే.”

అతను నవ్వాడు. కోపం కూడా రాలేదు అతనికి. నిజంగా తమాషాగా అనిపించింది.

“అలిసిపోయి వచ్చి నేను పెనం పెట్టుకోవాలా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. అయినా అంతా అదే చేస్తుందంటున్నావుగా, ఆ ఒక్క నిమిషం కోసం నువ్వు ఇంట్లో ఉండలేవా?”

ఆమె చెయ్యి టేబుల్ మీద అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ తను ఇదంతా సమయం గొడవ అనుకుంది. వంటకు అంత సమయం పడుతుంది గనక తను అక్కడ ఉండాల్సి వస్తోందనుకుంది. సమయం తగ్గిస్తే చాలనుకుంది, తగ్గించింది, సాయంత్రమంతా తగ్గించి ఒక్క నిమిషం చేసింది. ఆ ఒక్క నిమిషానికీ మళ్ళీ సాయంత్రమంతా అడుగుతున్నాడు! అంటే ఇతనికి కావాల్సింది మెత్తటి మాంసం కాదు. తలుపు తీసేసరికి పొయ్యి దగ్గర ఒక మనిషి నిలబడి ఉండాలి. ముక్క ఎండినా ఫరవాలేదు, నిలబడే మనిషి ఉంటే చాలు. ఇది తెలుసుకోవడానికి ఇన్నేళ్ళు పట్టిందని ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తన మీద తనకే మండింది ముందు.

అతను అప్పటికే తల్లి వైపు తిరిగాడు. “పోనీ అమ్మా, ఆ నిమిషమేదో నువ్వు చూడు.”

అత్తగారు చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా ఎత్తారు. కొడుకు చూపు తిప్పుకున్నాడు.

“చూడరా. ఎప్పుడైనా చూశావా? మీ నాన్న ‘ఇదిగో వస్తున్నా’ అంటే నిలబడ్డ కాళ్ళివి. మాంసం ఎండిందా అని అడుగుతుంటావే దాన్ని, ఎండింది! రోజూ ఎండేది. ఎండింది నేను తిని, మెత్తటిది మీకు వేసేదాన్ని. బటన్ నొక్కమంటే నొక్కుతాను, కూర్చుని నొక్కొచ్చు. నిలబడే పని నాకు చెప్పకు.”

ఆమె లేచి, అక్కడే, వాళ్ళిద్దరి ముందే పెద్ద మేడమ్‌కు ఫోన్ చేసింది.

“సోమవారం నుంచి వస్తానండీ.”

“ఇంట్లో అడిగావా?” అటునుంచి పెద్ద మేడమ్ గొంతులో అనుమానం.

“అడగలేదండీ. చెప్పాను.”

సోమవారం సాయంత్రం పాల లారీలు వరసగా వచ్చాయి. ఇన్‌చార్జి బల్ల మీద ఆమె థర్మామీటర్, రిజిస్టరు, ఫోన్. తొట్టిలో నీలం గొట్టాలు నిలబడి ఉన్నాయి, ఆమె కూర్చుని ఉంది. ఏడున్నరకు ఫోన్ మోగింది. క్యారమ్స్ దుకాణం చప్పుడు లేదు, టీ కొట్టు గోల లేదు. వెనకాల అత్తగారి గొంతు మాత్రం సన్నగా వినిపిస్తోంది, “ముందు తడి తుడవరా, నూనె చిందుతుంది” అని.

“ఇదిగో, ఈ పెనం సరిగ్గా కాలిందని ఎలా తెలుస్తుంది?” అన్నాడు అతను.

ఆమె రిజిస్టరులో సంతకం పూర్తిచేసింది. పెన్ను మూత పెట్టింది.

“నిలబడండి,” అంది. “నిలబడితేనే తెలుస్తుంది.”