నగ్మా పళ్ళెం

మిరపకాయ తొడిమ మీద బొటనవేలు, కాయ కింద చూపుడువేలు, అది ఆరో మెట్టు, వైవాలో అడిగితే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి అనుకుంటూ స్తుతి ఒళ్ళో ఫైలు సర్దుకుంది, చిలకలూరిపేట దాటిన బస్సు గుంటూరు దారిలో లారీల వెనక ఆగి కదిలి ఆగుతోంది, బుద్ధి ఎదగని పిల్లలకి నేర్పే స్పెషల్ బీఎడ్ చివరి పరీక్ష పదకొండింటికి, ఈ ఒక్క ఫైలు మెప్పిస్తే తాడేపల్లి సెంటర్లో ఉద్యోగం ఖాయమన్నారు జయరావు మాస్టారు, ఈ చదువుకి దారులు చాలానే ఉన్నాయమ్మా, బడుల్లో రిసోర్స్ టీచరు, థెరపీ సెంటర్లు, ఎదిగిన పిల్లలకి పనులు నేర్పే చోట్లు, నీకా మూడోదే పట్టుబడింది అని మురిసిపోయారు, మురవాల్సింది తను కదా, ఏమీ అనిపించడం లేదు, తిమ్మిరెక్కిన కాలిని గిల్లుకున్నట్టుంది.

పొద్దున ఫైల్లో నగ్మా తల్లి సంతకం కోసం వాళ్ళింటికి వెళ్ళింది, నగ్మా తను బడిలో పని నేర్పిన పద్నాలుగేళ్ళ పిల్ల, మాట రాదు, బుద్ధి ఎదగలేదంటారు, ఆర్నెల్ల కిందట బొత్తాం కూడా పెట్టుకోలేని వేళ్ళు, పూసలిస్తే విసిరికొట్టింది, క్లిప్పులిస్తే విసిరికొట్టింది, మిరపకాయలిస్తే మాత్రం పట్టుకుంది, ఇంట్లో రోజూ చూసేవేగా, వాళ్ళమ్మ జానీబీ తొడిమలు తీసే పనికే పోతుంది, పన్నెండు మెట్లు రాసుకుని ఒక్కోటీ నేర్పింది, పళ్ళెంలో పది కాయలు, పదీ అయ్యాక చప్పట్లు, పళ్ళెం తీసేసి చేతులు కడగడం, ఇవాళ చూస్తే ఇల్లు తాళం, మిరప కల్లంలో తొడిమలు తీసే ఆడవాళ్ళ వరసలో నగ్మా, ముందు మోకాలెత్తు కుప్ప, బడికి పంపడం లేదేంటండీ అంటే జానీబీ నవ్వుతూ లేచొచ్చి, ఇంకా బడెందుకు టీచరమ్మా, పనొచ్చేసిందిగా, నేను పోతే దీని గతేంటని ఏడ్చేదాన్ని, మీ చలవ, ఆ బెంగ తీరింది, పది రోజుల్నించి నా పక్కనే కూర్చుంటంది, లేవమన్నా లేవదు, అన్నానికి కూడా నేనే లాక్కెళ్ళాలి అంటూ ఎర్రదుమ్ము చేత్తోనే సంతకం పెట్టింది, నగ్మా వేళ్ళు వాచి నిగనిగలాడుతున్నాయి, గోళ్ళ పక్కన చర్మం లేచింది, మంటగా ఉందా అంటే తలెత్తలేదు, కుడిచెయ్యి పట్టుకుని ఆపితే ఎడంచెయ్యి కాయ అందుకుంది, మంచి పనిపిల్ల అని అందరూ నవ్వారు, తనూ నవ్వింది, బస్సుకి వేళైందని వచ్చేసింది, నిజంగానే నవ్వింది, ఛీ.

యడ్లపాడు, యడ్లపాడు అని కండక్టరు అరుస్తున్నాడు, ఫైలు ఘాటుకి తుమ్మొచ్చింది, చివరి పేజీలో లక్ష్యం నెరవేరింది అని మాస్టారి ఆకుపచ్చ సిరా, కన్ను నలుపుకుంటే భగ్గుమంది, ఆ పిల్ల చెయ్యి పట్టుకున్న వేళ్ళే కదా, కాసేపటికే తనకింత మంట, పది రోజులు ఎలా కూర్చుందో, ఎందుకు ఆపదు, కన్నీళ్ళ మధ్య మెట్లు మళ్ళీ చదివింది, ఒకటి కూర్చోవడం, రెండు పళ్ళెం దగ్గరికి లాక్కోవడం, పన్నెండు తీసిన కాయ గంపలో వేయడం, తర్వాత ఖాళీ, జానీబీ తప్పేముంది, ఫైల్లో ఉన్నదే చేసింది, స్తుతి పెన్ను తీసి నెరవేరింది అన్న మాట కొట్టేసింది, వైవాలో ఏమంటారో, తాడేపల్లి వాళ్ళేమంటారో, అననీ, కల్లంలో పళ్ళెం తీసేవాళ్ళు ఎవరూ లేరు, ఆర్నెల్లూ ప్రతిసారీ తీసేసింది తనే, చాలు అనడం నగ్మాకి తను నేర్పనే లేదు.