చారల్లేని ఉడుత

శరత్కాలపు ఉడుతల పెట్టె మే నెలాఖరులో వచ్చింది. కాసాబ్లాంకా ఆఫీసులో ఏ బల్ల కింద ఏడు నెలలు కునుకు తీసిందో ఏమో గానీ, కొండ మీది తగ్జూత్ ఊరి బాలబడికి చేరేసరికి బార్లీ కోతలు కూడా అయిపోయాయి. పంతులమ్మ తూదా తాడు కోసి మూత తీసింది. లోపల నారింజరంగు అట్టలు, తోకలకి దూది, ఎండుటాకుల బొమ్మలు, చేటంత పుస్తకం ఒకటి. పుస్తకం మీద నారింజరంగు ఉడుత. చెవుల మీద కుచ్చులు, మెడలో ఉన్ని మఫ్లర్, కాళ్ల కింద మంచు. బయటేమో మేకలు కూడా గోడనీడకి అతుక్కుపోయే ఎండ.

బాలబడి నడిపే సంస్థవాళ్లకి పిల్లలంటే మహా ప్రేమ. ఆ ప్రేమ వారాల చొప్పున వస్తుంది. చలికాలంలో పెంగ్విన్ల వారం అన్నారు, తర్వాత ట్రాముల వారం, ఇప్పుడు ఉడుతల వారం. పుస్తకం చదివించాలి, కాగితాలు కత్తిరించి అతికించాలి, చివర్న ఒక్కో పిల్లకీ చీటీ నింపాలి. బాగా చెప్తే ఆకుపచ్చ నవ్వుమొహం బిళ్ల, లేకపోతే ఎర్ర ఏడుపుమొహం బిళ్ల. ఏడాదిలో మూడు ఎర్రమొహాలు పడ్డాయా, కింద ఊరి పెద్దబడికి పోవడానికి లేదు. ఇంకో ఏడాది ఇక్కడే జిగురు పూసుకుంటూ కూచోవాలి.

ఇజ్జాకి అప్పటికే రెండు పడ్డాయి. ఏడేళ్ల పిల్ల, పోయినేడు కూడా ఇలాగే ఉండిపోయింది. పెంగ్విన్ బొమ్మ చూపించి ఇదేమిటే అంటే, "ఏదో కోడి. కోస్తే ఎంతమందికొస్తుంది?" అంది. ట్రాము ఎక్కడ ఆగుతుందంటే, "మా ఊళ్లో ఆగదు" అంది. అందులో తప్పేముందో తూదాకి అర్థం కాలేదు. కానీ బిళ్లలు అంటించేది తూదా కాదు, అగాదీర్ పట్నం నుంచి సంస్థ తరఫున తనిఖీకి కారులో దిగే లమియా మేడం. చీటీ కింద తూదా సంతకం కూడా ఉండాలి, నిజమే. ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని పెట్టేసింది, ఎందుకంటే ప్రతి జూన్‌లో తూదా ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టేది ఆ మేడమే.

"మూడోది కూడా పడిందో, ఇంక బడి చాలు," అని ఇజ్జా నాయనమ్మ మమ్మాస్ ముందే తేల్చి చెప్పింది. "మేకల వెంట తోలేస్తా. కాగితాలంటించడానికి మూడేళ్లా? మూడేళ్లలో నా మేక ఆరుసార్లు ఈనుతుంది." మమ్మాస్ ఒకసారి అన్నదంటే అన్నదే. ఆవిడ మాట మొగుడు బతికున్నప్పుడే తిప్పలేకపోయాడు.

తూదా మొదటిరోజు పుస్తకం విప్పి పట్టుకుంది. ఇద్దర్ అనే బుడతడు ముందుకొచ్చి పరీక్షగా చూశాడు.

"అక్కా, నక్కపిల్లకి జలుబు చేసిందా?"

"నక్క కాదురా, ఉడుత."

పదిహేడు మంది పిల్లలూ పడీపడీ నవ్వారు. ఇజ్జా నడుం మీద చెయ్యేసుకుని లేచింది. "మాకు తెలీదా ఉడుతంటే? వీపు మీద చారలుంటాయి. చెట్టు మీద కాపరం ఉండదు, రాళ్ల కింద బొరియలో ఉంటుంది. మనిషి కనపడితే గోడ మీద నిలబడి ఈల వేస్తుంది. మా నాయనమ్మ బాదంపప్పులు సగం దాని పొట్టలోనే ఉన్నాయి."

సరిగ్గా అప్పుడే కిటికీ వెనక రాతిగోడ మీంచి ఈల వినిపించింది. అందరూ అటు తిరిగారు. తూదా కూడా తిరిగింది. చిన్నప్పుడు మిద్దె మీద బాదంకాయలు ఎండబెట్టి, ఆ చారల దొంగల్ని అదిలిస్తూ ఎన్ని వేసవులు గడిపిందో ఆమెకే తెలుసు. అయినా తల దించుకుని పుస్తకంలో ఉన్నది చదివింది. "ఉడుత ఇల్లు చెట్టు తొర్ర." చదువుతుంటే సిగ్గేసింది.

పెట్టెలో కాగితం చెట్టుకి అంటించడానికి ఓక్ కాయల పొట్లం కూడా ఉండాలి. ఉంది, కానీ కాయలు పురుగుపట్టి పొడైపోయాయి. తూదా ఫోన్ చేస్తే, "గోధుమరంగులో ఏదో ఒకటి అంటించు, తూదా, ప్రతిదానికీ నన్ను అడగాలా?" అంది మేడం. పిల్లలు తలో గుప్పెడు బాదంకాయలు తెచ్చి కాగితం చెట్టుకి అంటించారు.

గురువారం మేడం దిగింది. ఊరి మర్యాద ప్రకారం రొట్టె, బాదం నూనెముద్ద, పుదీనా టీ ముందు పెట్టారు. ఆవిడ రొట్టె వాసన చూసి, నూనెముద్ద పక్కకి నెట్టి, టీ రెండు గుక్కలు తాగి పనిలో పడింది. వరసగా అంటించిన నారింజ ఉడుతల్ని చూసి మురిసిపోయింది. చివరిదాని దగ్గర ఆగిపోయింది. ఇజ్జా దూదితోకని సన్నగా పీకేసింది. పొయ్యిబొగ్గుతో వీపు మీద చారలు గీసింది. చెట్టు మీద కాకుండా కింద ఒక రాయి పెట్టి, రాయి పక్కన కూచోబెట్టింది.

"ఇదేంటమ్మా, ఎలుకా?"

"ఉడుత."

మేడం నవ్వి చీటీ తీసింది. "సరే, ఉడుత ఎక్కడుంటుంది?"

"ఆ గోడ కింద."

"ఏం రంగు?"

"మట్టిరంగు. చారలు తెల్లగా ఉంటాయి, నా దగ్గర సున్నం లేక బొగ్గుతో గీశాను."

"ఏం తింటుంది?"

"బాదం, అర్గాన్ కాయ. దొరికితే మా నాయనమ్మ రొట్టె."

"ఉడుత మనకి ఏమవుతుంది?" స్నేహితుడు అనాలి. పుస్తకం ఆఖరి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంది.

ఇజ్జా కిటికీ బయట గోడ వైపు చూసింది. "దొంగవుతుంది. కానీ పిల్లలున్న దొంగ. అందుకే నేను రాయి దాని మీదకి వెయ్యను, పక్కకి వేస్తాను."

మేడం నాలుగు గళ్లలోనూ అడ్డగీత కొట్టి, ఎర్రబిళ్ల ఒలిచి అంటించింది. తూదా కిటికీ వైపు చెయ్యి చూపించింది.

"మేడం, ఒక్కసారి కిటికీలోంచి చూడండి. గోడ మీదే ఉంది, ఇప్పుడే."

"తూదా, ప్రపంచంలో పిల్లలంతా ఈ పుస్తకంతోనే నేర్చుకుంటున్నారు. మీ ఊరి గోడ కోసం ఉడుతని మార్చమంటావా? పైగా ఆ ఎండలోకి చూస్తే నాకు తలనొప్పి."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం. రెండడుగులు వేసి తల తిప్పితే కనపడేదాన్ని చూడ్డానికి ఒళ్లు బరువు, చూడకుండానే మార్కులు వెయ్యడానికి మాత్రం చెయ్యి తేలిక.

సాయంత్రం తూదా మమ్మాస్ ఇంటికెళ్లి సంగతి చెప్పింది. మమ్మాస్ నూనె తియ్యడానికి రాతి మీద అర్గాన్ గింజలు కొడుతూ, కొట్టడం ఆపకుండానే విన్నది.

"చదవేస్తే ఉన్న మతి పోయిందని ఇందుకే అన్నారే అమ్మాయీ. నా మనవరాలు కడుపులోంచే ఉడుతని ఎరుగును. దానికి ఉడుత రాదంటారా? శనివారం మీ ఉడుతల వేడుకకి వస్తా, అదీ చూస్తా. సోమవారం నుంచి మేకలే."

ఇజ్జా గుమ్మంలో కూచుని మేకపిల్ల చెవి నిమురుతోంది. "అక్కా, పెద్దబడిలో అక్షరాలు నేర్పుతారంటగా," అంది మెల్లిగా. "నా పేరు నేనే రాసుకోవచ్చంట."

తూదా మేకపిల్ల రెండో చెవి నిమిరి వచ్చేసింది.

శనివారం పొద్దున్నే, ఉడుతల వారం ముగింపు వేడుకకి, సంస్థకి డబ్బిచ్చే దాతగారు హాజీ హమ్మాద్ వచ్చాడు. పక్క కొండవాడే. పదేళ్లప్పుడు కాసాబ్లాంకా పోయి కిరాణాకొట్టులో పొట్లాలు కట్టి, ఇప్పుడు పదకొండు పెద్ద దుకాణాలకి యజమాని అయ్యాడు. వెంట ఫోటోలవాడు. పిల్లలందరికీ నారింజ టోపీలు పెట్టి, నడుముకి దూదితోకలు కట్టి నిలబెట్టారు. ఆ ఎండకి జిగురు కరిగి తోకలు ఒక్కొక్కటే నేల మీద పడుతున్నాయి. ఊరి ఆడవాళ్లంతా వెనక చాపల మీద కూచున్నారు, మమ్మాస్ అందరికన్నా ముందు.

పిల్లలు పాట అందుకున్నారు. "నేనొక చిన్ని ఉడుతను, చెట్టు తొర్ర నా ఇల్లు..." మేడం కళ్లు మూసుకుని తల ఊపుతోంది. ఆ ఊపుకి కాయలు రాలవు గానీ, కిటికీలోంచి ఒక ప్రాణి మాత్రం టపీమని లోపలికి దూకింది.

మట్టిరంగు. వీపు మీద చారలు. రెండు కాళ్ల మీద నిలబడి సభని ఓసారి చూసింది. నిన్నంతా వాసన తగిలిందేమో, నేరుగా కాగితం చెట్టు దగ్గరికెళ్లి ఒక బాదంకాయ పీక్కుని, రెండు చేతుల్తో పట్టుకుని కొరకడం మొదలుపెట్టింది. పాట ఆగిపోయింది. పిల్లల మొహాలు వెలిగిపోయాయి.

మేడం కళ్లు తెరిచింది.

"ఎలుక! బాబోయ్ ఎలుక! కొట్టండి, చంపండి!"

ఎవరూ కదల్లేదు. దాంతో ఆవిడే చేతికందిన దాన్ని ఎత్తింది. అందింది ఉడుతల పుస్తకం. స్నేహితుడు అని పెద్ద అక్షరాలున్న ఆ పుస్తకంతోనే ఒక్క దెబ్బ వేసింది. ఇజ్జా పరిగెత్తుకొచ్చి మధ్యలో చెయ్యి పెట్టింది. దెబ్బ ఆ చేతి మీద పడింది. ఉడుత బాదంకాయతో సహా కిటికీ దాటి గోడెక్కి ఈల వేసింది.

"ఎలుక కాదు," అంది ఇజ్జా, వేళ్లు నోట్లో పెట్టుకుని ఏడుస్తూ. "ఉడుత."

మేడం రొప్పుతూ హాజీ వైపు తిరిగింది. "చూశారా? వారం రోజులు నేర్పినా ఈ పిల్లకి తేడా తెలీలేదు. అందుకే ఎర్రబిళ్ల వేశాను."

మమ్మాస్ లేచింది. "హాజీ! పెళ్లికి ముందు మీ అమ్మా నేనూ ఒకే మిద్దె మీద బాదం ఎండేసినవాళ్లం. ఈ చారల దొంగని అదిలించిన చేతులే నీవీ. అదేంటో నువ్వు చెప్పు. నా మనవరాలు ఉడుతని ఉడుతంది, ఈ దొరసాని ఎలుకంది. ఏడుపుమొహం ఎవరికి పడాలి?"

హాజీకి తెలుసు. తెలియకేం, చిన్నప్పుడు నాలుగు ఉడుతల్ని ఉచ్చువేసి పట్టిన ఘనుడు. కానీ పెద్దమనిషి అయ్యాక మనిషికి తెలిసినవి చెప్పడం కష్టం. గడ్డం నిమురుకుని, ఫోటోలవాడిని చూసి, తూదాని చూశాడు. "పంతులమ్మవి నువ్వు. నువ్వు చెప్పమ్మాయ్."

మేడం చీటీ తూదా ముందు పెట్టి, చెవి దగ్గర మెల్లిగా అంది. "ఆలోచించుకో. వచ్చే నెల నీ కాగితం నా బల్ల మీదకే వస్తుంది."

తూదా చీటీ చేతిలోకి తీసుకుంది. భయమేసింది, బాగా భయమేసింది. ఇంట్లో తమ్ముళ్లిద్దరూ ఆ జీతం మీదే చదువుతున్నారు. ఇజ్జా వేళ్లు అప్పటికే వాచాయి.

"ఉడుత," అంది తూదా. ఎర్రబిళ్ల గోటితో గీకి ఊడదీసింది, ఆకుపచ్చది అంటించింది, కింద సంతకం పెట్టింది. వెనక ఆడవాళ్లు పెళ్లిళ్లలో లాగా నాలుకలాడిస్తూ కూతలేసి జేజేలు కొట్టారు. హాజీ టీగ్లాసులో మొహం దాచుకుని నవ్వాడు. ఆయన ధైర్యం అంతవరకే.

లమియా మేడం తక్కువ తిన్న మనిషేం కాదు. వారం తిరక్కుండా సంస్థ పత్రికలో ఫోటో పడింది. కింద రాత ఇదీ: "మా ఉడుతల వారం ఎంత సహజంగా సాగిందంటే, నిజమైన ఉడుతే పాఠం వినడానికి వచ్చింది." జూలైలో తూదాకి ఉత్తరం వచ్చింది. సేవలకి కృతజ్ఞతలు, వచ్చే ఏడాది అవసరం లేదు.

సెప్టెంబరులో తూదా మమ్మాస్ మిద్దె మీద కూలికి బాదంకాయలు ఒలుస్తోంది. బాధ లేదని కాదు. కానీ పొద్దున్నే ఇజ్జా సంచీ తగిలించుకుని కింద ఊరికి దిగిపోతుంటే చూసి, పోతే పోయింది వెధవ ఉద్యోగం అనుకునేది.

పెద్దబడిలో పదోరోజు. ఇజ్జా మెట్లెక్కి ఆయాసపడుతూ మిద్దె మీదకొచ్చింది. బొగ్గుముక్కతో నేల మీద తన పేరు రాసి చూపించింది. వంకరటింకరగా ఉంది గానీ పేరే. మమ్మాస్‌కి చదవడం రాకపోయినా కళ్లు తుడుచుకుంది.

"ఇవాళేం నేర్పారే?"

"ఉడుత పాఠం, నాయనమ్మా. పుస్తకంలో బొమ్మ ఉంది. నారింజరంగుది."

తూదా చేతిలో కాయ ఆగిపోయింది. "ఏం రంగని అడిగారా?"

"అడిగారు."

"నువ్వేమన్నావు?"

గోడ మీద ఈల వినిపించింది. ఇజ్జా అటు చూడలేదు.

"నారింజరంగన్నాను అక్కా," అంది. "నవ్వుమొహం వేశారు."