కొండవాలు కొలతలు

బురద బూట్లు పెరట్లో కడిగి, బట్టలు మార్చుకుంటే తప్ప అత్తగారు ఆమెను వంటింట్లోకి రానివ్వదు. "రాళ్లూ రప్పలూ కొలవడం కూడా ఒక ఉద్యోగమేనా? ఇంట్లో వేళకింత వండిపెట్టే దిక్కు లేదు గానీ" అని ఆవిడ అనని రోజు లేదు. ఆ మాట వింటూనే ఆమె స్టవ్ వెలిగిస్తుంది. అందరూ తిన్నాక గిన్నెలు తోముతుంది. తోముతూ, ఈ వారం కొండ ఎంత జరిగిందో మనసులో లెక్క వేసుకుంటుంది.

సర్వే ఆఫీసులో ఆమె పని అదే. ఊరి చివర కొండవాలులో ముప్ఫై ఇనుప మేకులు పాతి, అవి ఎంత కదిలాయో కొలవడం. కొండంటే కదలనిదనుకుంటారు జనం. ఎండకు రాయి పగులుతుంది, పగులులోకి వాననీరు దిగుతుంది, నీటి వెంట వేరు దిగుతుంది, రాయి లోలోపలే కుళ్లి మట్టవుతుంది. ఆ మట్టి నీళ్లు తాగి బరువెక్కితే ఇక ఎవరి మాటా వినదు. ఆ వాలుకు అడ్డంగా గోడ కట్టించిన ఇంజినీరు ఆమె భర్తే. నీళ్లు బయటికి పోయే తూములు సగానికి సగం ఎగ్గొట్టి, పని త్వరగా ముగించాడని పేరు తెచ్చుకున్నాడు. గోడ కింద ఇరవై రెండిళ్లు.

వానలు పట్టిన వారానికే మేకులు జానెడు జరిగాయి. వెంటనే ఇళ్లు ఖాళీ చేయించాలని ఆమె రిపోర్టు రాసింది. ఆఫీసులో ఆమె పై అధికారి భర్తే కాబట్టి అది ముందు ఆయన చూడాలి. ఆయన భోజనాల బల్ల దగ్గరే ఎర్ర పెన్నుతో ఆ పేజీని అడ్డంగా కొట్టేశాడు.

"కాస్త కదలిక ఉంది, గమనిస్తున్నాం అని రాయి. చాలు."

"కాస్త కాదండీ. గోడ ఉబ్బింది. చేత్తో తడిమి చూశాను."

"నిన్ను ఉద్యోగానికి పంపడమే ఎక్కువ. నా గోడకే వంకలు పెడతావా? కట్టుకున్నవాడి పరువు తీసే ఆడదాన్ని ఎక్కడా చూళ్లేదు. ఇంకొంచెం కూర వెయ్యి."

ఆమె వేసింది. చెయ్యి తనంతట తానే గరిటె అందుకుంది. తర్వాత చాలాకాలం ఆమెను కాల్చింది అదే. పదహారేళ్లుగా ఎవరూ ఆమెను కొట్టలేదు. 'నీకేం తెలుసు', 'అంత నోరు పనికిరాదు', 'ఆఫీసులోనూ నా పెళ్లానివేనని గుర్తుంచుకో'. అంతే. ఏ మాటనూ ఇదిగో గాయమని చూపించడానికి లేదు. ఒక్కోటీ పిడికెడు మట్టి కోసుకుపోయింది, అంతే.

మర్నాడు టేపు పట్టుకుని వెళ్లింది గానీ ఏమీ కొలవలేదు. తలుపులు కొట్టింది. మొదటి ఇల్లు బట్టలు కుట్టే ఆవిడది.

"ఆఫీసువాళ్లు చెప్పమన్నారా అమ్మా?"

"లేదక్కా, నేనే చెప్తున్నా. పిల్లల్ని తీసుకుని బడి దగ్గరికి వెళ్లిపోండి."

"గోడ ఉందిగా?"

"ఆ గోడే పడుతుందక్కా."

ఆవిడ ఆమె ముఖంలోకి చూసింది. "వదినా, సర్దుకో!" అంటూ పక్కింటి తలుపు తనే బాదింది. సాయంత్రానికి అన్ని ఇళ్లూ ఖాళీ. మూడో రోజు మధ్యాహ్నం కొండ దిగింది. గోడ, ఇళ్లు, కుట్టుమిషన్లు మట్టి కిందికి పోయాయి. ప్రాణం ఒక్కటీ పోలేదు.

పత్రికలవాళ్లు వస్తే మాట్లాడింది భర్త. ముందే పసిగట్టిన ఇంజినీరంటూ ఆయన ఫోటో వేశారు. అత్తగారు ఆ పేపరు వీధంతా తిప్పింది.

"సన్మానానికి నువ్వూ రా, ముందు వరసలో కూర్చుందువుగాని" అన్నాడాయన. "నువ్వు చెప్తేనేం, నేను చెప్తేనేం? ఒకే ఇల్లేగా. కొత్త గోడ కూడా నాకే ఇస్తున్నారు. ఆ ఇళ్లవాళ్లను మళ్లీ అక్కడికే పంపిస్తారు."

ఫోటోను ఆమె దిగమింగుకుంది. ఆఖరి మాట మాత్రం గొంతు దిగలేదు.

సన్మానానికి వెళ్లలేదు. మర్నాడు, కొండ ఎందుకు జారిందో విచారించడానికి వచ్చిన అధికారి దగ్గరికి వెళ్లి, మూడేళ్ల కొలతలూ, ఎర్ర పెన్నుతో కొట్టేసిన రిపోర్టూ బల్ల మీద పెట్టింది. విచారణకు పిలిపించిన భర్త పక్క కుర్చీలోంచి దగ్గాడు, కళ్లతోనే బెదిరించాడు, చివరికి బతిమాలినట్టు చూశాడు.

అధికారి కాగితాలు తిరగేసి తలెత్తాడు. "ఈ ఇంజినీరుగారికి మీరేమవుతారమ్మా?"

"సాక్షినండీ" అందామె.