ట్రైనింగ్‌కి పోతాండా

హైదరాబాదు ఆఫీసు నుంచి అహల్య ఫోన్ చేసినప్పుడు నేను నంద్యాల ల్యాబులో తడి కాగితం మీద మిరప మొలకలు చూస్తున్నాను.

"కంగ్రాట్స్ జబీనా గారూ. మీ వీసా ఫైలు రెడీ. ట్రైనీ కేటగిరీలో పెట్టాం."

"ఎవరు ట్రైనీ?"

"మీరే."

చేతిలో ఉన్న మొలకను కాగితం మీద పెట్టేశాను. కోపం వచ్చింది నాకు, మొలకేం పాపం చేసింది.

మాది విత్తనాల కంపెనీ. హెడ్డాఫీసు నెదర్లాండ్స్‌లో ఉంది. మిరప విత్తనంలో కల్తీ ఉందో లేదో తెలియాలంటే పూర్వం చెట్టు కాయ కాసేదాకా ఆగాలి. మొలక కాడ రంగు చూసి ముందే చెప్పే పద్ధతిని ఈ ల్యాబులో నిలబెట్టింది నేను. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, చెప్పుకుంటాను. ఆ పద్ధతిని వచ్చి తమ వాళ్లకు నేర్పమని హెడ్డాఫీసే అడిగింది.

ఒకే కంపెనీలో మనిషిని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మార్చుకోవడానికి అక్కడ వేరే వీసా ఉంది. అందులో మేనేజరు ఒక రకం, స్పెషలిస్టు ఒక రకం, ట్రైనీ ఒక రకం. స్పెషలిస్టుకి మూడేళ్ల దాకా ఇస్తారు. ట్రైనీకి ఏడాదే. ఆ ఏడాదిలో వాళ్లు నా పని మొత్తం నేర్చేసుకుంటారు, కాగితాల్లో మాత్రం నేనే వాళ్ల దగ్గర నేర్చుకుని వచ్చినట్టు ఉంటుంది. రేపు ఇంకెక్కడికి పోయినా నా గురించి మాట్లాడేది నేను కాదు, ఆ కాగితం.

"నన్ను ట్రైనీ అని ఎవరన్నారు?" అని అడిగాను.

"మీరే కదా మెయిల్లో రాశారు. ట్రైనింగ్‌కి వెళ్తున్నాను అని."

నిజమే, రాశాను. మా వైపు పాఠం చెప్పడానికి పోయినా ట్రైనింగే, కూర్చుని వినడానికి పోయినా ట్రైనింగే. వెలుగోడు రైతులకు విత్తనాల గురించి చెప్పడానికి పోయేటప్పుడు "ట్రైనింగ్‌కి పోతాండా" అని చెప్పే బస్సెక్కుతాను. నేర్చుకోవడానికి పోతున్నానని ఇంతవరకూ ఎవరూ అనుకోలేదు. ఆ మాటనే ఇంగ్లీషులోకి మార్చి పంపాను. తప్పు నాదే. తెలిశాక దిద్దకపోవడం మాత్రం వాళ్లది.

"మార్చండి" అన్నాను.

"మార్చాలంటే మళ్లీ మొదటి నుంచి రావాలండీ. స్పెషలిస్టు అంటే బోలెడు రుజువులు అడుగుతారు. కేటగిరీ ఏదైతే ఏముంది, వెళ్లేది మీరే కదా." కాస్త ఆగి, మెత్తగా అంది. "మీకు ఇబ్బందైతే చెప్పండి, తరుణ్ ఉన్నాడు."

తరుణ్ నా పక్క టేబుల్ దగ్గరే ఉన్నాడు. వాడికి మొలక పట్టుకోవడం నేర్పింది కూడా నేనే. విన్నాడో లేదో, తల ఎత్తలేదు.

ఆదివారం ఆళ్లగడ్డ పోయాను. అక్కడ మా నాయన హుస్సేన్ వలికి పరుపుల అంగడి ఉంది. మేం దూదేకులోళ్లం. నాయన పరుపులో దూది నింపుతున్నాడు, అమ్మ హజీరా బొంత కుడుతోంది. సంగతి మొత్తం చెప్పాను.

"పేరుదేముందమ్మా" అన్నాడు నాయన. "వాళ్లేమన్నా రాసుకోనీ. నువ్వు బేగా పోయిరా."

"మరి బోర్డు ఎందుకు చెరిపించినావ్ నాయనా?"

అమ్మ సూది ఆపి కిసుక్కున నవ్వింది. అంగడికి కొత్త బోర్డు రాయించినప్పుడు పెయింటరు 'పరుపుల రిపేరు' అని రాసుకొచ్చాడు. నాయన దాన్ని గోడకు తగిలించనివ్వలేదు. రిపేరు కూడా చేస్తావు కదప్పా అని పెయింటరు ఎంత మొత్తుకున్నా వినలేదు. 'పరుపులు కుట్టబడును' అని రాసేదాకా బోర్డు లేకుండానే అంగడి నడిపాడు.

నాయన చేతులకు అంటిన దూది దులుపుకున్నాడు. నా వైపు చూడలేదు, బోర్డు వైపు చూశాడు.

"అది వేరే కత" అన్నాడు.

"యాడ వేరే?"

నాయన మళ్లీ దూది అందుకున్నాడు. నేను బస్సుకు లేచినప్పుడు మాత్రం వెనక నుంచి అన్నాడు, "వాళ్లు మార్చేదాకా ఏ కాయితం మీదా సంతకం పెట్టద్దు."

సోమవారం అహల్య ఒక ఫారం పంపింది. ట్రైనీ అన్నాక అక్కడ ఏమేం నేర్చుకుంటానో రాసివ్వాలట. కింద నా సంతకం. "ఏదో ఒకటి నింపేయండి, ఎవరూ చదవరు" అని ఫోన్లో చెప్పింది. నాకు భలే ఒళ్లు మండింది. సరే, నింపాను.

మొదట నేర్చుకునేది: సైకిల్ తొక్కడం. తర్వాత: ఎదురుగాలిలో సైకిల్ తొక్కడం. ఆ తర్వాత: చల్లటి రొట్టెను మధ్యాహ్నం భోజనం అనుకోవడం. మిరప మొలకల గురించి నేర్చుకునేది: ఏమీ లేదు, అది నేర్పడానికి వస్తున్నాను.

సంతకం చోటు ఖాళీగా వదిలేసి అహల్యకు పంపాను. అక్కడి ల్యాబు పెద్ద మార్గ్రీట్‌కు కూడా పంపాను. ఈ దెబ్బతో ప్రయాణం పోతుందని తెలుసు, ఉద్యోగం కూడా పోవచ్చని తెలుసు. అయినా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

మర్నాడే వీడియో కాల్. ఒక పక్క మాడిపోయిన మొహంతో అహల్య, ఇంకో పక్క మార్గ్రీట్.

"నీకు నిజంగా సైకిల్ రాదా?" అని ఇంగ్లీషులో అడిగింది మార్గ్రీట్.

"రాదు."

"మొలకల పని నేర్పేది నువ్వేనా?"

"నేనే."

"అయితే ఈ ఫైల్లో ట్రైనీ ఎవరు?"

అప్పుడు అహల్య గొంతు సవరించుకుని, జబీనాకు ఇష్టం లేనట్టుంది, తరుణ్‌ని పంపగలం, అతనికీ ఆ పద్ధతి వచ్చు అంది. తరుణ్‌ని కెమెరా ముందుకు పిలిచారు. వాడు ఊఁ అంటే నా పని అయిపోయినట్టే. వాడి మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాను.

"నేనింకా ఈమె దగ్గరే నేర్చుకుంటున్నాను మేడం" అన్నాడు తరుణ్. "మీకు ట్రైనీయే కావాలంటే నేను వస్తాను. నేర్పే మనిషి కావాలంటే ఈమెనే పిలవాలి."

అహల్య వాడి పేరెత్తినప్పటి నుంచి వాణ్ణి మనసులో ఎన్నో తిట్లు తిట్టాను. అన్నీ ఒక్కసారిగా వెనక్కి తీసుకున్నాను.

ఆ ఫైలు ఆపేయమని, స్పెషలిస్టుగా కొత్తది వేయమని మార్గ్రీట్ చెప్పింది. రుజువులు తనే రాసిస్తానంది. అయితే అనుమతి ఇచ్చేది తమ ప్రభుత్వమని, రావచ్చు, రాకపోవచ్చు అని కూడా చెప్పి కాల్ నుంచి వెళ్లిపోయింది.

అహల్య ఉండిపోయింది.

"చేతికొచ్చినదాన్ని వదులుకున్నారు జబీనా గారూ. స్పెషలిస్టుగా అనుమతి రాకపోతే ఏం చేస్తారు?"

"నేనేం చేసేది? మొలకలు ఈడ ఉండాయి, నేను ఈడ ఉండా. అంత అవసరమైతే వాళ్లనే నంద్యాలకు రమ్మనండి, ట్రైనింగ్‌కి."

అహల్య రాసుకోబోయి ఆగింది. నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"ఇవ్వడానికా, తీసుకోవడానికా?"

"తీసుకోడానికి" అన్నాను. "ఈసారి సరిగ్గా రాసుకోండి."