పై గీత దాకా

కారు ఒక్కటే. దాన్ని ఉద్ధరించేవాళ్లు మాత్రం ఇంటినిండా ఉన్నారు. అదీ ఆమె తలనొప్పి.

నడిపేది ఆమె. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్లకీ, కాలు విరిగి మంచం పట్టినవాళ్లకీ వాళ్ల ఇళ్లకే వెళ్లి వ్యాయామం చేయించడం ఆమె ఉద్యోగం. మొన్నమొన్నటిదాకా ఆసుపత్రి నేలమాళిగలో, కిటికీ అనేదే లేని గదిలో, పగలూ రాత్రీ తెలియని ట్యూబులైటు కింద పని చేసింది. అడగ్గా అడగ్గా ఈ ఇంటింటికీ తిరిగే పని ఇచ్చారు, అదీ తాత్కాలికంగా. ఇంతలో పెద్ద డాక్టరుగారు కొత్త నియమం పెట్టారు. ఊపిరాడని రోగి గుమ్మంలో మనమే పొగ వదిలి వస్తే ఏం మర్యాద, సొంత కార్లలో తిరిగేవాళ్లంతా శుక్రవారం సాయంత్రంలోగా పొగ పరీక్ష నెగ్గిన సర్టిఫికెట్ తేవాలి, తెచ్చినవాళ్లకి ఉద్యోగం ఖాయం, తేనివాళ్లు మళ్లీ నేలమాళిగకే అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఆమెకూ నచ్చింది. దాన్ని తీసుకొచ్చి ఇంట్లో చెప్పడమే ఆమె చేసిన బుద్ధితక్కువ పని.

ఎందుకంటే ఆమె మొగుడికి వీధిలో పేరే మైలేజీ. ఆఫీసులో ఎవరో వచ్చి పెట్రోలు ఆదా మీద ఉపన్యాసం ఇచ్చి పోయారట. ఆ వచ్చినాయన హాయిగా పోయాడు, ఈయన మాత్రం అప్పట్నుంచీ మనిషి మనిషిలా లేడు. పక్క సీట్లో కూర్చుంటే చాలు, "మెల్లిగా తొక్కు. నీ పాదం కింద పిల్లి తోక ఉందనుకో. అదుగో, దూరంగా ఎర్ర లైటు కనపడుతుందిగా, ఇప్పుడే కాలు తీసెయ్యి, బండి దానంతటదే పోయి ఆగుతుంది," అని చెవి పక్కన రేడియో. చక్రాల్లో గాలి రోజూ నొక్కి చూస్తాడు. కారు మీద సామాను కట్టుకునే చట్రం గాలికి అడ్డమని ఊడదీసి మేడ మీద పారేశాడు.

ఇక మావగారు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి కొడుకు చదివిన శాస్త్రమంటే పూచికపుల్లతో సమానం. "పల్లం వచ్చినప్పుడు న్యూట్రల్‌లో వేసి వదిలెయ్ అమ్మాయ్. చుక్క పెట్రోలు తాగదు," అంటారు వెనక సీట్లోంచి. "అది పాతకాలం బస్సు నాన్నా. ఈ బళ్లకి గేర్‌లో ఉంచి కాలు తీస్తేనే పెట్రోలు ఆగుతుంది. న్యూట్రల్‌లో వేస్తే తాగుతూనే ఉంటుంది. పైగా బండి అదుపు తప్పుతుంది," అంటాడు ఈయన. "నాకు చెప్తావురా నువ్వు?" అంటారు ఆయన. మధ్యలో స్టీరింగు పట్టుకున్న మనిషికి ప్రాణం విసిగిపోయేది. పొగ తగ్గించడం సంగతి దేవుడెరుగు, ఈ ఇద్దర్నీ దింపేస్తే సగం బరువు తగ్గి కారు బాగుపడుతుందని ఆమె లెక్క.

ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది దర్జీ పెద్దాయన ఇంటి దగ్గర జరిగింది.

ఆ పెద్దాయనకి కుడిచెయ్యి పడిపోయింది. మిషను మీద బతికిన మనిషి. ఆమె వెళ్లడం మొదలుపెట్టాక వేళ్లు కాస్త ముడుచుకుంటున్నాయి, భుజం దాకా చెయ్యి లేస్తోంది. కత్తెర పట్టుకోవాలన్నది ఆయన కోరిక. అదే ఆమె పంతం కూడా. ఆ రోజు ఆయన్ని మొదటిసారి నడిపిద్దామని, ఊతకర్ర చట్రం తెస్తానని చెప్పి మరీ వెళ్లింది. ముసలాయన ఉతికిన చొక్కా వేసుకుని సిద్ధంగా కూర్చున్నాడు. ఈమె డిక్కీ తెరిచింది. ఏముంది అందులో? చట్రం లేదు, ఇసక సంచులు లేవు, రబ్బరు బంతులు లేవు. శుభ్రంగా ఊడ్చి తుడిచి పెట్టాడు మైలేజీ. అనవసరమైన బరువట!

ఉత్త చేతులతో లోపలికి వెళ్లింది. ఆయన ఏదో అనబోయాడు. "మాటలు తర్వాత పెద్దాయనా, ముందు చెయ్యి ఎత్తండి," అని కసిరింది. కోపం ఎవరి మీదో, కసిరింది ఎవరినో. ఆయన నోరు మూసుకుని చెయ్యి ఎత్తాడు.

ఆ సాయంత్రం ఇంట్లో వినాలి ఆమె గొంతు. టీ గ్లాసులు బల్ల మీదే చల్లారిపోయాయి.

"నా ఉద్యోగం తీసే దాకా నిద్రపోరా మీరు? ఇవాళ్టి నుంచీ ఆ కారు జోలికి ఎవరైనా వచ్చారో, చెప్తున్నా! గాలీ నేనే చూసుకుంటా, నీళ్లూ నేనే చూసుకుంటా, ఆయిలూ నేనే చూసుకుంటా. పరీక్ష అయ్యేదాకా కారు గురించి ఈ ఇంట్లో ఎవ్వరూ నోరెత్తడానికి వీల్లేదు. ఎవ్వరూ!"

మొగుడు గోడకేసి చూశాడు. మావగారు కళ్లజోడు తుడుచుకున్నారు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి విని, అట్లకాడతో సహా లోపలికి వెళ్లిపోయారు. ఆవిడ ఏనాడూ కారు గురించి ఒక్క మాట అన్న మనిషి కాదు, అయినా ఆ "ఎవ్వరూ"లో ఆవిడా పడిపోయారు.

తర్వాత ఇల్లు ప్రశాంతం. అంత ప్రశాంతత చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఒక్క అరుపుకి ఇంత ఫలితముంటే ఎప్పుడో అరిచేదాన్ని కదా అనుకుంది. శుక్రవారం పొద్దున్నే, గుమ్మం ముందు వాలు మీద నిలబెట్టిన కారు బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూసింది. కింది గీతకి కాస్త పైన ఉంది. డబ్బా తెచ్చి జాగ్రత్తగా పై గీత దాకా పోసింది. ఎవరి మాటా వినకుండా తన కారు తాను చూసుకోవడంలో ఎంత హాయి!

పరీక్షకి ఇద్దరూ తయారయ్యారు. "మేం నోరెత్తంలే," అన్నాడు మొగుడు. ఎత్తలేదు కూడా. కానీ నోరెత్తకుండా విసిగించడమంటే ఏమిటో దారిపొడుగునా చూపించారు. ఎర్ర లైటు కనపడగానే మొగుడు గుండె మీద చెయ్యి వేసుకుంటాడు. పల్లం రాగానే వెనకాల మావగారు దగ్గుతారు. పరీక్ష కేంద్రం దగ్గర బారుగా కార్లున్నాయి. ఊరికే ఇంజను తిరగనివ్వడం దండగని ఆమెకీ తెలుసు, ఆపుదామనే అనుకుంది. కానీ ఆపితే పక్కవాడి మొహంలో వెలుగు చూడాలి! ఆ వెలుగు చూడలేక కాసేపు అలాగే ఉంచి, తన మీద తనకే చిరాకేసి చివరికి ఆపింది. పక్కవాడి మొహం వెలిగింది.

వీళ్ల వంతు వచ్చింది, మొగుడూ మావగారూ దిగి నిలబడ్డారు. పరీక్ష చేసేవాడు ఖాకీ బట్టల్లో ఉన్న బక్కపల్చటి మనిషి. పొగ గొట్టంలో తన గొట్టం దూర్చి, "రైజ్ చెయ్యండి," అన్నాడు. ఆమె తొక్కింది. వెనక నుంచి నీలం రంగు పొగ మేఘంలా లేచింది. బారులో వెనకున్నవాళ్లు కారు అద్దాలు ఎత్తేసుకున్నారు. ఒకాయన హారన్ కూడా కొట్టాడు, అదేదో ఆమె సరదాకి చేసినట్టు.

"ఫెయిల్," అన్నాడు ఖాకీ మనిషి. "నీలం పొగ అంటే ఇంజనాయిల్ కాలుతోందమ్మా. లోపల రింగులు అరిగి ఉంటాయి. ఇంజను విప్పాలి. పాత బండి కదా, అంత ఖర్చు దండగ. మార్చేసుకోండి."

ఆమె ఇంజను ఆపేసింది. అతనే మళ్లీ అందుకున్నాడు.

"లేకపోతే ఆయిల్ ఎక్కువైనా ఇలాగే వస్తుంది. ఈ మధ్య ఏమన్నా పోశారా?"

"పోశాను. చూసుకునే పోశాను, పై గీత దాకా. నేను తప్ప ఈ కారు ఎవరూ ముట్టుకోరు."

"ఒకసారి పుల్ల తీసి చూడమంటారా?"

"పొద్దున్నే చూశానని చెప్తున్నాగా!"

"అది కాదోయ్..." అన్నాడు మొగుడు.

"నోరెత్తనన్నారు!"

మూసుకున్నాడు. మావగారు బూటు ముందు కనపడని బ్రేకు ఏదో ఉన్నట్టు కాలితో నేలని నొక్కుతూ నిలబడ్డారు. ఖాకీ మనిషి భుజాలెగరేసి తరువాతి కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

కారు పక్కకి తోయించి, గోడ నీడలో సిమెంటు దిమ్మ మీద కూర్చుంది ఆమె. ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ఆ కిటికీ లేని గది కళ్లముందుకొచ్చింది. అంతకన్నా ముందు దర్జీ పెద్దాయన చెయ్యి వచ్చింది, గాల్లో సగం దాకా లేచి ఆగిపోయిన చెయ్యి. ఆ మిగతా సగం ఎవరు లేపిస్తారు? ఇక దాచేదేముంది, ఆసుపత్రికి చెప్పేద్దామని ఫోను తీసింది. తియ్యగానే అదే మోగింది. అత్తగారు.

"అయిందా అమ్మాయ్? భోజనానికి వస్తున్నారా?"

"ఏం భోజనం అత్తయ్యా! ఇంజను పోయింది. ఆయిల్ కాలిపోతోందట. అంతా అయిపోయింది."

అవతల పెనం మీద అట్లకాడ చప్పుడు ఆగింది.

"పోదా మరి?" అన్నారు అత్తగారు. "అంత నూనె పోస్తే మనిషి కడుపే చెడుతుంది, ఇంజను చెడదూ!"

"అంత నూనె ఏంటి? నేను పోసింది కాస్తేగా."

"నువ్వు కాస్తే పోశావు. అంతకుముందు మీ మావయ్య పోశారుగా. నువ్వు అరిచిన మర్నాడే, నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు, దొంగలా వెళ్లి బానెట్ ఎత్తారు. ఆ తర్వాత మీ ఆయన. నువ్వు లేవకముందే. పాపం చెప్పులు కూడా వేసుకోలేదు చప్పుడవుతుందని. ఇవాళ నువ్వు. వంటింటి కిటికీలోంచి అన్నీ చూస్తూనే ఉన్నాను."

ఆమె దిమ్మ మీంచి లేచింది. మొగుడు మేఘాలు చూస్తున్నాడు. మావగారు కళ్లజోడు తీసి తుడుస్తున్నారు, మచ్చ లేని అద్దాన్ని.

"మరి చెప్పొద్దా అత్తయ్యా నాకు! ఇంత జరుగుతుంటే చూస్తూ కూర్చున్నారా?"

"భలేదానివే! కారు గురించి ఎవ్వరూ నోరెత్తొద్దని నువ్వే కదమ్మా అన్నావు," అన్నారు అత్తగారు. గొంతులో వెటకారం లేదు, కోపమూ లేదు. ఉన్న మాట అన్నారు, అంతే.

ఆమె ఫోను పెట్టేసి ఇద్దరి వైపూ తిరిగింది. అరుద్దామని నోరు తెరిచింది కూడా. తెరిచిన నోరు మళ్లీ మూసుకుంది.

"చెప్పండి," అంది చివరికి.

"పుల్ల తీసి చూస్తే కొసకే అంటిందమ్మాయ్," అన్నారు మావగారు. "నీ ఉద్యోగం కదా, ఇంజను మాడిపోతుందేమోనని ఉజ్జాయింపుగా కాస్త పోశా..."

"నేను చూసినప్పుడూ కింది గీతకి దిగువే ఉంది, నేనూ అందాజుగానే పోశా," అన్నాడు మొగుడు. "నాన్న పోశాడని నాకేం తెలుసు!"

"నేను చూసినప్పుడూ కింది గీత దగ్గరే ఉంది," అంది ఆమె. "ముగ్గురం పోసినా కిందే ఎలా ఉంటుంది?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మొదట వెలిగింది మావగారికి. నెత్తి మీద టప్పున కొట్టుకున్నారు. "వాలు! మన గుమ్మం ముందు వాలు! బండి ముక్కెత్తి నిలబడితే ఆయిలంతా వెనక్కి పోతుంది, పుల్లేమో ముందుంది. ఇన్నేళ్లు బస్సు తోలి నా తెలివి ఎక్కడ తగలడింది!"

చదునైన నేల మీద, ఇంజను చల్లారాక, పుల్ల ముంచి తీశారు. పై గీతని దాటి, ఇంకా పైకి, తుడిచిన గుడ్డ నల్లగా తడిసేదాకా ఉంది ఆయిల్. పక్కనే ఉన్న షెడ్డులో మెకానిక్‌ని పిలిస్తే, కింద బేసిన్ పెట్టి ఎక్కువైనదంతా దింపాడు. పెట్రోలు చుక్క చుక్కా లెక్కపెట్టే ఇంట్లోంచి వచ్చిన కారు, బేసిన్‌లోకి అంత ఆయిల్ వదులుతుంటే మైలేజీ మొహం చూడలేకపోయారు. దింపాక కూడా కాసేపు పొగ వచ్చింది, లోపల అంటుకున్నది కాలిపోవాలట. ఊరి చుట్టూ ఒక తిప్పు తిప్పి రమ్మన్నాడు.

తిప్పింది. మెత్తగా తొక్కింది, ముందు చూసుకుని కాలు తీసింది. దూరంగా లైటు ఎర్రబడింది. పక్క సీట్లో మొగుడు చేతులు కట్టుకుని, పెదాలు బిగబట్టి కూర్చున్నాడు.

"ఏదైనా ఉంటే చెప్పండీ, పేలిపోయేట్టున్నారు," అంది.

"మూడో గేర్‌లోకి తొందరగా మారొచ్చు," అన్నాడు భయంభయంగా. మారింది. నిజానికి కారు తేలిగ్గానే పోయింది.

కేంద్రం మూసే వేళకి మళ్లీ వెళ్లారు. పొగ గొట్టంలోంచి ఈసారి కంటికి కనపడేదేమీ రాలేదు. ఖాకీ మనిషి ముద్ర కొట్టి ఇచ్చాడు. "రింగులు బానే ఉన్నట్టున్నాయి. ఆయిల్ తగ్గించారా?" అనడిగాడు. "తగ్గించాం. పోసే మనుషులు ఎక్కువయ్యారు," అంది ఆమె, మళ్లీ తనే తల అడ్డంగా ఊపుకుంటూ.

ఆ సాయంత్రమే సర్టిఫికెట్ ఆసుపత్రిలో ఇచ్చి, మర్నాడు దర్జీ పెద్దాయన ఇంటికి వెళ్లింది. డిక్కీలో చట్రమూ, సంచులూ, బంతులూ అన్నీ ఉన్నాయి. మైలేజీ స్వయంగా సర్దిపెట్టాడు, ఒక్క ముక్క మాట్లాడకుండా. బయల్దేరేముందు కారుని వాలు మీద కాకుండా వీధిలో చదును మీద పెట్టుకుని, పొద్దున్నే పుల్ల తీసి నలుగురూ కలిసి చూశారు. అత్తగారు అట్లకాడతో సహా వచ్చారు.

పెద్దాయన చెయ్యి ఎత్తాడు. ఎప్పట్లాగే సగం దాకా లేచి ఆగింది. "ఊఁ, ఇంకా, ఇంకా," అనబోయి ఆగింది ఆమె. ఆయన మొహంలోకి చూసింది. ఇన్నాళ్లూ చేతినే చూసిందేమో, ఆ పళ్లు బిగబట్టడం ఎప్పుడూ కళ్లబడలేదు.

"ఎక్కడైనా నొప్పిగా ఉందా పెద్దాయనా?"

ఆయన గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు. ఆవిడ చెప్పమన్నట్టు తలాడించింది.

"భుజం కింద పోటుగా ఉంటుందమ్మా. మొదటి రోజు నుంచీ ఉంది. మీరు విసుక్కుంటారని..."

ఆమె ఆ చేతిని మెల్లిగా కిందికి దించి ఒళ్లో పెట్టింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"విసుక్కోను," అంది. "చెప్పండి."