పన్నెండు నిండాయట

అమ్మమ్మకి కోపం వస్తే ముందు ముక్కు ఎర్రబడుతుంది, తర్వాత గొంతు లేస్తుంది. ఆ మధ్యాహ్నం రెండూ ఒకేసారి జరిగాయి. జరగవా మరి? చెయ్యి విరిగిన మనవరాలిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లల వార్డు గుమ్మం దాకా తోసుకొస్తే, హెడ్ నర్సు కాగితం చూసి, "పన్నెండు నిండాయి కదమ్మా. ఆడవాళ్ల వార్డుకి తీసుకెళ్లండి," అంది.

"నిండి నెలేగా అయింది!"

"నెలైనా నిండినట్టే కదా."

ఆడవాళ్ల వార్డు సంగతి అమ్మమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ ఆస్పత్రి లాండ్రీలోనే దుప్పట్లు ఉతుకుతోంది. పిల్లల వార్డులో అయితే మంచం పక్కన తోడున్నవాళ్లకి ఇంకో చిన్న మంచం వేస్తారు. ఆడవాళ్ల వార్డులో సాయంత్రం ఐదు కొట్టగానే వచ్చినవాళ్లందరినీ బయటికి తోలేసి తలుపు మూసేస్తారు. రేపు పొద్దున్నే పిల్లకి ఆపరేషన్. మోచేతి ఎముకకి తీగ వెయ్యాలి. వాళ్లమ్మ ఓడలో వంట పని చేస్తుంది, ఆరు నెలలకి గానీ నేల మీద కాలు పెట్టదు. అమ్మమ్మ తప్ప ఇంకెవరున్నారు దానికి?

"పొద్దున డాక్టరుగారు నా చేత మూడు చోట్ల సంతకాలు పెట్టించుకున్నారు. పిల్ల కదా, పెద్దవాళ్లు ఒప్పుకోవాలన్నారు. సంతకానికి పిల్ల, మంచానికి పెద్దదా? ఒక్క వరండా దాటేసరికి నా మనవరాలు అంత పెరిగిపోయిందా?"

"అది చట్టం, ఇది వార్డు రూలు. రెండూ నేను రాసినవి కావమ్మా."

"మీ అబ్బాయికెన్నేళ్లు?"

నర్సు తడబడింది. "పదహారు. ఎందుకూ?"

"రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి 'తిన్నావా నాన్నా, పెరుగేసుకున్నావా నాన్నా' అంటారే, లాండ్రీ దాకా వినిపిస్తుంది. వాడు పసివాడు, ఇది ముసలమ్మా?"

నేల తుడుస్తున్న ఆయా కిసుక్కున నవ్వింది. నర్సు మొహం కందగడ్డయింది. అయినా చెడ్డమనిషేం కాదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఒక్క దారుంది. భయపడే పేషెంటు దగ్గర మనిషి ఉండొచ్చని కేసు కాగితంలో రాయొచ్చు. కాకపోతే ఆ మాట పేషెంటే చెప్పాలి." పిల్ల మీదికి వంగింది. "ఏమ్మా, భయంగా ఉందా?"

పిల్ల కుర్చీలో నిటారుగా సర్దుకుంది. "లేదండీ. నాకేం భయం లేదు."

"సరిగ్గా చెప్పి ఏడువే!" అని కసిరింది అమ్మమ్మ.

"నిజంగా లేదమ్మమ్మా." పెదాలు పాలిపోయి ఉన్నాయి. బాగున్న చేతి గుప్పిట్లో గౌను అంచు నలిగిపోతోంది. గొంతు మాత్రం ఇసుమంతైనా వణకలేదు.

ఎలా వణుకుతుంది? వాళ్లింట్లో అలవాటే అంత. ముందు పళ్లు ఊడి కొత్తవి రాగానే చిన్నతనం అయిపోయినట్టు లెక్క. ఆ రోజు నుంచి ఎత్తుకోమనకూడదు, ఏడవకూడదు, భయం అన్న మాట నోట్లోంచి రాకూడదు. అమ్మమ్మ తల్లి ఆ వయసుకే ఎవరింట్లోనో ఎవరి బిడ్డనో ఉయ్యాల ఊపింది. అమ్మమ్మ తొమ్మిదేళ్లప్పుడు, తొట్టి అందక బోర్లించిన చెక్కపెట్టె ఎక్కి బట్టలుతికింది. మొదటి రోజు సబ్బునీళ్లకి చేతులు పగిలి ఏడిస్తే, తల్లి లాగి ఒక్కటిచ్చి, "పళ్లొచ్చిన పిల్లవి, సిగ్గులేదూ?" అంది. ఆ దెబ్బ సంగతి అమ్మమ్మ జీవితమంతా గొప్పగానే చెప్పుకుంది. అదే పాఠం కూతురికీ నేర్పింది, మనవరాలికీ నేర్పింది.

మొన్న పిల్ల రెండు చేతుల్లో రెండు నీళ్ల క్యాన్లతో మెట్లెక్కుతూ జారిపడింది. మోచెయ్యి విరిగింది. ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని రెండో చేత్తో వంట చేసి, అమ్మమ్మకి వడ్డించి పడుకుంది. తెల్లారి చెయ్యి బూరెలా పొంగితే గానీ నోరు విప్పలేదు. అమ్మమ్మ లాండ్రీకొచ్చి, "చూశారా, కిక్కురుమనలేదు! నా పెంపకం!" అని మిషన్ మిషన్ దగ్గరికీ వెళ్లి చెప్పింది. ఇస్త్రీ చేసే ఆవిడ విని తల దించుకుంది.

ఆవిడ ఎందుకు తల దించుకుందో ఇప్పుడు, ఈ వరండాలో, చెంప మీద కొట్టినట్టు అమ్మమ్మకి అర్థమైంది. కిక్కురుమనలేదట! దానికి ఊరంతా దండోరా ఒకటి! నర్సు మీద వచ్చిన కోపం గిర్రున తిరిగి తన మీదే పడింది. అక్కడా ఆగలేదు. చచ్చి ఇరవై ఏళ్లయిన తల్లి మీదికి ఎగబడింది. తొమ్మిదేళ్ల దాన్ని కొట్టడానికి నీకు చెయ్యెలా వచ్చిందే అమ్మా? నేను పిల్లనే కదే!

"భయం నాకు," అంది అమ్మమ్మ పైకే, గట్టిగా. "కాళ్లు ఎలా వణుకుతున్నాయో చూడండి. రాసుకోండి."

"మీరు పేషెంటు కాదు కదమ్మా," అంది నర్సు నెమ్మదిగా.

పిల్ల అమ్మమ్మ కాళ్ల వైపు చూసింది. ఆవిడ నోట ఆ మాట ఎన్నడూ విని ఎరగదు. ఇంటి పెద్ద తగువు తీర్చినట్టుగా, "నాకు భయంగా ఉందని రాయండి మేడం. పాపం, అమ్మమ్మని ఉండనివ్వండి," అంది.

నర్సు రాసింది. ఆడవాళ్ల వార్డులో చివరి మంచం, పక్కన ఒక స్టూలు. ఐదు కొట్టారు, అందరినీ పంపేశారు, తలుపు మూశారు. అమ్మమ్మ మిగిలింది. పిల్ల బాగున్న చెయ్యి చాపి ఆవిడ మోకాలి మీద తట్టింది. "ఏం కాదులే అమ్మమ్మా. నేనున్నాగా."

ఎవరు ఎవరికి చెప్పాల్సిన మాట అది!

"నొప్పిగా ఉందా?"

"కొంచెం."

"ఎంత కొంచెం?"

పిల్ల గడ్డం ఒకసారి అదిరింది.

"ఏడవ్వే," అంది అమ్మమ్మ. బతిమాలుదామనుకుంది గానీ నోటికి తిట్టడమే వచ్చు. "ఏడు! నేనేమీ అనను."

పిల్ల ముందు తలుపు వైపు చూసింది. తర్వాత పక్క మంచాల వైపు చూసింది. ఆఖరికి అమ్మమ్మ మొహంలోకి చూసింది.

"నిజంగానా? ఇంటికెళ్లాక కూడా ఏమీ అనవా?"